చెల్లెలికి నోరిచ్చిన వేసవి

వేట నిషేధం మొదలైందంటే మా పాళెంలో మగవాళ్లకు రెండు నెలలు పనుండదు. పని లేకపోతే నోళ్లు ఊరుకోవు. పడవలన్నీ ఇసుక మీదికెక్కి ఒక పక్కకి ఒరిగి ఉంటాయి. వాటి నీడన కూర్చుని వలలు బాగుచేసుకుంటాం, ఇంజన్లు విప్పుకుంటాం, మధ్యమధ్యలో ఎవరింటి గుట్టు దొరికితే అదీ విప్పుకుంటాం. ఆ ఏడు దొరికింది మా ఇంటిది.

ఒక ఆదివారం పొద్దున్నే పక్క పడవ గణేష్ ఫోను పట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"ప్రసాదన్నా, మీ చెల్లెలు పేపర్లో పడింది చూడన్నా! ఫొటోతో సహా ఏసినారు."

నాకు ఛాతీ ఉబ్బింది. "నాకొక్కడికే ఎందుకురా, అందరికీ ఇనపడేట్టు చదువు" అన్నాను.

మా చెల్లెలు చెంచులక్ష్మి యూనివర్సిటీలో ఫిలాసఫీ ప్రొఫెసర్. ఫిలాసఫీ అంటే ఏందని ఊళ్లో ఎవరైనా అడిగితే "అదొక పెద్ద చదువులే" అని దాటేసేవాణ్ణి. ఆడవాళ్ల గురించి రాస్తుందని మాత్రం తెలుసు. ఆడవాళ్ల గురించి అన్నేళ్లు రాసేంత ఏముంటుందో నా బుర్రకు ఎక్కేది కాదు. ఆమె ఎప్పుడో ఇంగ్లీషులో రాసిన ఒక వ్యాసాన్ని ఇప్పుడు వేరే దేశాల్లో కూడా పాఠంగా చెబుతున్నారట. ఆ సంగతి తెలిసి పేపరువాళ్లు దాన్ని తెలుగులో కుదించి, పైన పెద్ద అక్షరాలతో "అరువు నోరు" అని పేరు పెట్టి వేశారు. గణేష్ గొంతెత్తి చదవడం మొదలుపెట్టాడు. నాలుగు వాక్యాలు అయ్యేసరికి వలల మీద చేతులన్నీ ఆగిపోయాయి. "ఆపెయ్‌రా" అన్నాను గానీ అప్పటికే వినాల్సినవాళ్లంతా విన్నారు.

అందులో రాసింది మా పాళెం పద్ధతి. గంగమ్మ గుడి ముందు రేకుల పందిరి కింద మా పంచాయితీ జరుగుతుంది. పందిరికి అడ్డంగా మోకు, అంటే పడవలు లాగే లావుపాటి తాడు, కట్టి ఉంటుంది. మగవాళ్లు ఇటు, ఆడవాళ్లు అటు. ఆడమనిషికి తగవు వస్తే తన మాట తను చెప్పుకోదు. ఆమె తరఫున ఒక మగవాడు మోకు దగ్గర నిలబడి, ఆమె ఏమంటే అది, "నేను" అంటూ ఆమే మాట్లాడుతున్నట్టు పెద్దలకు చెబుతాడు. దీన్ని మేము నోరివ్వడం అంటాం. ఆమె అన్నది అందరికీ వినపడుతూనే ఉంటుంది. అయినా అతని నోట్లోంచి వస్తేనే పంచాయితీకి మాట కింద లెక్క. అన్నీ చెప్పాక చివర్లో నోరిచ్చినవాడు "పెద్దలు ఎట్ల చెప్తే అట్లే" అని ముగిస్తాడు. ఆమె అన్నా అనకపోయినా అంటాడు. అది మర్యాద.

పేపర్లో ఒక ఆడమనిషి కథ కూడా వేశారు. మొగుడు సముద్రంలోకి పోయి తిరిగి రాలేదు. ఆమె పంచాయితీలో, "పడవ అమ్మను, మనుషుల్ని పెట్టి నేనే నడిపించుకుంటాను" అంది. నోరిచ్చినవాడు ఆ మాటను పొల్లు పోకుండా చెప్పాడు. చెప్పి, చివరికి మర్యాద కలిపాడు. పెద్దలు పడవ అమ్మించేశారు. ఆమె మాటను ఎవరూ కాదనలేదనీ, వెనకాల వచ్చిన మర్యాదే దాన్ని మింగేసిందనీ చెంచులక్ష్మి రాసింది. పేర్లు రాయలేదు. రాయాల్సిన అవసరమూ లేదు. ఆ ఆడమనిషి మా అమ్మ గురవమ్మ అనీ, నోరిచ్చింది మా చిన్నాయన మాలకొండయ్య అనీ పాళెంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అప్పటి మాలకొండయ్య ఇప్పుడు మా పెద్దకాపు. పెద్దకాపు అంటే కులం కాదు, ఊరి పెద్దకు మా దగ్గరుండే పేరు.

పొద్దు గుంకేలోపల మా ఇంటి మీద దురాయి వేశారు. ఇక నాతో ఎవరూ మాట్లాడకూడదు, నా వల పట్టకూడదు, నా పడవ ఎక్కకూడదు. చెంచులక్ష్మి వచ్చి, తాను రాసింది అబద్ధమని ఊరి ముందు ఒప్పుకుంటే తీసేస్తారు. ఒప్పుకోకపోతే వేట తెరిచిన రోజు ఊళ్లో పడవలన్నీ నీళ్లలోకి పోతాయి, నాది ఇసుకలో ఉంటుంది. ఫైబర్ పడవను ఒక్కడు తొయ్యలేడు. తోసినా ఒక్కడు వేట చెయ్యలేడు.

"పో. పోయి నీ చెల్లెల్ని పిల్చకరా" అంది నా భార్య రోజారమణి. "నీళ్ల కాడ కూడా నన్ను చూసి మొకం తిప్పుకుంటా ఉండారు. ఎవురికి చెప్పుకోవాల?"

మా అమ్మ అరుగు మీద కూర్చుని ఎండుచేపల్లో ఇసుక దులుపుతోంది. పేపరు సంగతి ఆమెకు చెప్పాం. విని ఊరుకుంది. ఏమనుకుంటోందో మేమూ అడగలేదు.

పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం దాటాక యూనివర్సిటీ చేరాను. ఆమెను తిట్టాల్సిన తిట్లన్నీ దారి పొడుగునా వరసగా పేర్చుకున్నాను. నువ్వు దేశాలు తిరిగే దానివి, మేము ఇక్కడ బతకాలి అనేది మొదటిది. మిగతావి ఇంకా ఘాటుగా ఉన్నాయి. అటెండరు ఒక గది చూపించి మేడమ్ క్లాసులో ఉన్నారన్నాడు. వెనక తలుపులోంచి దూరి చివరి బెంచీలో కూర్చున్నాను. చెల్లెలు నన్ను చూసింది. కళ్లతోనే ఉండమంది, పాఠం ఆపలేదు.

పాఠమంటే ఆమె మాట్లాడుతూ ఉంటుందనీ పిల్లలు రాసుకుంటూ ఉంటారనీ అనుకున్నాను. ఆమె ఏదో ప్రశ్న అడిగి, బల్లకు ఆనుకుని ఊరికే నిలబడి ఉంది. గది నిండా పిల్లలు. ఎవరూ నోరు తెరవడం లేదు. ఆమెకు కోపమూ లేదు, కంగారూ లేదు. చివరికి ఒక అమ్మాయి లేచింది. పేరు ఫ్లోరా అని తర్వాత తెలిసింది.

"మేడమ్, మొన్న నాకు కడుపునొప్పి వస్తే మా అన్న ఆస్పత్రికి తీసుకెళ్లాడు. డాక్టరు మా అన్నని అడిగాడు, ఎప్పట్నుంచి నొప్పి అని."

పిల్లలు నవ్వారు. చెల్లెలు నవ్వలేదు.

"మీ అన్న ఏం చెప్పాడు?"

"పొద్దుట్నుంచి అన్నాడు. కాదు, రెండ్రోజులైందని నేనన్నాను. డాక్టరు మళ్లీ మా అన్న మొహం చూశాడు, ఔనా అన్నట్టు."

"నొప్పి ఎవరికి తెలుసు ఫ్లోరా?"

"నాకే కదా మేడమ్."

"తెలిసింది నీకు. తెలిసినట్టు లెక్కలోకి వచ్చింది మీ అన్నకి. ఈ రెండింటి మధ్యలో ఏం జరిగింది?"

ముందు వరసలో ఒక అబ్బాయి చెయ్యెత్తాడు. "డాక్టరు చెడ్డవాడు కాకపోవచ్చు మేడమ్. పెద్దవాడు పక్కనున్నాడు కదా అని మర్యాదకి అడిగుండొచ్చు."

వాడు ఎదురు చెప్పాడు, ఇక అయిపోయాడనుకున్నాను. చెల్లెలి మొహం వెలిగిపోయింది. "మంచి మాట అన్నావు. చెడ్డవాళ్లు చేసేది పట్టుకోవడం తేలిక. మర్యాదస్తులు మర్యాదగా చేసేది పట్టుకోవడానికే మనం ఇక్కడ కూర్చున్నాం. ఇంకొంచెం చెప్పు, నీ వైపు నుంచే చెప్పు" అంది.

ఆ గంటలో ఆమె ఎవరినీ ఓడించలేదు. ఎవరేమన్నా దాన్ని చేతిలోకి తీసుకుని, ఇటు తిప్పి అటు తిప్పి చూసి, అన్నవాళ్లకే ఇంకాస్త పెద్దది చేసి ఇచ్చింది. కూర్చున్నప్పుడు బెరుగ్గా ఉన్న పిల్లలు లేచేసరికి ఒకరి మీద ఒకరు పడి మాట్లాడుతున్నారు. మా ఇంట్లో పుట్టి, నా చేత జడ లాగించుకుని ఏడ్చిన పిల్లేనా ఈమె అని నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను.

క్లాసయ్యాక ఆమెను పిల్లలు చుట్టుముట్టారు. పక్క గదిలోంచి ఇంకో ప్రొఫెసర్ వచ్చి నన్ను క్యాంటీనుకు తీసుకెళ్లింది. ఉషారాణి గారట. మాదీ మీ పక్కే అన్నా, బుచ్చిరెడ్డిపాలెం, మా నాన్నది వరి సేద్యం అంది. పేపర్లో వచ్చింది ఆమె కూడా చూసింది.

"ఈ ఉద్యోగం మీ చెల్లెలికి ఎట్ల వచ్చిందో తెలుసా?" అని అడిగింది.

"పరీక్ష రాసుంటుంది" అన్నాను.

ఉషారాణి గారు నవ్వింది. "మొదటి ఇంటర్వ్యూకి నేను బయట కూర్చోనుండా. లోపల పెద్దాయన ఒకాయన, అమ్మా, ఇది మీ ఊరి ఆడవాళ్ల బాధ, ఇందులో ఫిలాసఫీ యాడుంది అన్నాడంట. అది కనుక్కునే దానికే అయ్యా ఈ పుస్తకం రాసినాను, మీరు చదివినారా అనిందంట ఈమె. ఎవురూ చదవలా. ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చినారు. రెండోసారి కూడా అంతే. విషయం మార్చుకోమ్మా, ఏ వేదాంతమో రాసుకో, రేపే ప్రొఫెసర్‌వి అవుతావన్నారు. మార్చుకోలా. జుట్టు నెరిసినాక ఇచ్చినారు. ఈ లోపల ఆమె దగ్గర చదువుకున్న పిల్లలు పదిచోట్ల లెక్చరర్లు అయిపోయినారు. ఆ పిల్లలు ఆమె పాఠం చెప్తుంటే ఆమె ఇంకా చిన్న గదిలో, చిన్న కుర్చీలో కూర్చోనుండేది."

"మాకెప్పుడూ చెప్పలేదే" అన్నాను.

"మీరెప్పుడన్నా అడిగినారా?" అంది. ఆ మాట అన్న తీరు కూడా మా చెల్లెలిలాగే ఉంది.

నేను పేర్చుకుని వచ్చిన తిట్లలో ఒక్కటీ నోటికి రాలేదు. సాయంత్రం చెల్లెలి గదిలో పుస్తకాల మధ్య కూర్చుని దురాయి సంగతి చెప్పాను. ఆమె మొదట మా అమ్మ ఎలా ఉందని అడిగింది.

"పేపరువాళ్లు ఆ పేరు పెడతారని నాకు తెలియదన్నా. కానీ లోపల ఉండేదంతా నేను రాసిందే."

"అయితే అబద్ధమని చెప్పవా?"

"వస్తాను. పంచాయితీలో మాట్లాడతాను. నాకు నోరెవరిస్తారు?"

"నేను గాక ఇంకెవురిస్తారు?" అన్నాను విసుగ్గా. అప్పుడు గానీ ఆ మాటకు అర్థం నాకు తట్టలేదు, ఆమె ఏమన్నా ఊరి ముందు అనాల్సింది నా నోరేనని. ఢిల్లీలో ఏదో సభకు ఆమె పోవాల్సి ఉందట. ఫోను తీసి, రాలేనని నా ముందే చెప్పేసింది.

మేము ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున చిన్నాయన నా పడవ దగ్గరికి వచ్చాడు. దురాయి వేసిన పెద్దకాపును దురాయి ఆపదు మరి. ఇసుకలో కూలబడి, సముద్రం వైపు చూస్తూనే అడిగాడు.

"ప్రసాదూ, నేను దొంగనంట్రా?"

"చెల్లెలు అట్ల రాయలేదు చిన్నాయనా."

"మీ నాయన పోయినప్పుడు మీ అమ్మ పక్కన నిలబడే దానికి ఎవురు వచ్చినార్రా? నేను వచ్చినా. ఆమె చెప్పింది చెప్పినట్టు చెప్పినా. ఆఖర్న పెద్దల మాటకు గౌరవమిచ్చినా. మా నాయన అట్లే చెప్పేవాడు, ఆయన నాయనా అట్లే చెప్పేవాడు. పడవ అమ్మేయమన్నారు పెద్దలు. నేనేం చేసేది? ఆ రోజు నుంచి మీ అమ్మ నాతో సరిగ్గా మాట్లాడదు, ఎందుకో నాకు తెలియదు. ఇప్పుడు పేపర్లో చదివితే గానీ తెలియలా."

నాకు జాలేసింది. ఆయన మంచివాడు. ఇప్పటికీ ఎవరి పడవ బోల్తాపడినా మొదట నీళ్లలోకి దూకేది ఆయనే.

"సరే, జరిగిందేదో జరిగింది. రేపు పంచాయితీలో ఆ పిల్ల ఏమన్నా అననీ. నువ్వు చెప్పు. ఆఖర్న 'పెద్దలు ఎట్ల చెప్తే అట్లే' అను. అంతే. ఆ ఒక్క మాట మీద నేను దురాయి తీసేస్తా. ఆ పిల్లను అబద్ధమని చెప్పమని బలవంతం కూడా చెయ్యను. నీ పడవ నీళ్లలోకి పోతది."

ఇంటికి పోయి రోజారమణికి చెప్పాను. "ఇంకేం కావాల? ఎవురికీ నష్టం లేదు. ఆ మాట అనేసెయ్" అంది. ఎటు చూసినా అది సబబుగానే ఉంది. నేను పంచాయితీలో నలుగురైదుగురికి నోరిచ్చాను. ప్రతిసారీ ఆ మాట అన్నాను. దండం పెట్టినంత తేలిగ్గా వస్తుంది అది.

చెల్లెలు పెరట్లో అమ్మ తలకు నూనె రాస్తోంది. చిన్నాయన వచ్చి చెప్పిందంతా దాచకుండా చెప్పేశాను. ఆమె చేతులు ఆగలేదు.

"చిన్నాయన అడిగినాడా నిన్ను, ఆ మాట అంటావా అని?"

"అడగడమేంది, చెప్పినాడు. నువ్వేమంటావు?"

"నేను అక్కడ చెప్పాల్సింది చెప్తానన్నా. చివర్న ఏమనాలో నేను చెప్పను."

"పిల్లలుండారు నాకు. పడవ తప్ప ఇంకేముంది?"

"తెలుసు. నువ్వు ఆ మాట అన్నా నేను నీ మీద కోపం పెట్టుకోను. ఒట్టు." ఇంకాస్త నూనె అరచేతిలో పోసుకుని, "నోరు నీది కదా. దాని మీద పెత్తనం నాకొద్దు" అంది.

తిట్టి ఉంటే నాకు సుఖంగా ఉండేది. మా అమ్మ కళ్లు మూసుకుని నూనె రాయించుకుంటోంది. మా మాటలు ఆమెకు వినపడ్డాయో లేదో తెలియలేదు.

మర్నాడు ఎండ తగ్గాక పంచాయితీ కూర్చుంది. పాళెంలో నడవగలిగినవాళ్లంతా వచ్చారు. వేటకు పోయే రోజులైతే సగం మందైనా ఉండేవాళ్లు కాదు. మోకు అవతల ఆడవాళ్లు కిక్కిరిసి నిలబడ్డారు. మా అమ్మను స్తంభం పక్కన చాప వేసి కూర్చోబెట్టారు. చెంచులక్ష్మి నూలు చీర కట్టుకుని మోకు దగ్గరకొచ్చి నిలబడింది. నేను ఇటువైపు ఆమె పక్కనే నిలబడ్డాను. మా ఇద్దరికీ మధ్య జానెడు దూరం, ఒక మోకు.

"ఊరి పరువు పేపర్లో పడింది" అన్నాడు చిన్నాయన. "రాసింది అబద్ధమా, నిజమా? చెప్పమనండి."

చెల్లెలు క్లాసులో లాగానే నిదానంగా మొదలుపెట్టింది. "నేను ఎవరినీ దొంగ అనలేదు."

"నేను ఎవుర్నీ దొంగ అన్లేదు" అన్నాను.

"మా చిన్నాయన మా అమ్మ మాటలో ఒక్క అక్షరం మార్చలేదు. ఆయన మర్యాదస్తుడు."

అదీ చెప్పాను. చిన్నాయన తల కాస్త పైకి లేచింది.

"నేను ఆడదాన్ని. ఈ మోకుకు ఈ పక్క పుట్టినాను."

"నేను ఆడదాన్ని" అన్నాను. వెనక కుర్రాళ్లు కిసుక్కుమన్నారు. గణేష్ గాడి నవ్వు నాకు విడిగా వినపడింది. ఇంతకు ముందు నోరిచ్చినప్పుడు నా భర్త, నా అత్త అంటూ చెప్పాను గానీ ఈ మాట ఎవరూ నా చేత అనిపించలేదు. చెవులు వేడెక్కాయి. తల దించుకోకుండా మిగతాది చెప్పాను. "ఈ మోకుకు ఆ పక్క పుట్టినాను."

ఆమె చెబుతోంది, నేను చెబుతున్నాను. "నాకు తెలిసింది నేను చెప్తే ఇనపడతది. లెక్కలోకి రాదు. ఎందుకు రాదో కనుక్కుందామని చదువుకోను పోయినాను. ఇది మీ ఊరి బాధ, చదువు కాదు, వేరేది చదువుకో అన్నారు. నేను మార్చుకోలేదు. ఉద్యోగం ఇయ్యం అన్నారు. మార్చుకోలేదు. జుట్టు నెరిసిందాకా అదొక్కటే చదివినాను, అదొక్కటే పిల్లలకు చెప్పినాను."

ఆ "నేను" అనే మాట మొదట్లో నా నాలుక మీద పరాయిదిగానే ఉంది. పోనుపోను బరువెక్కింది. ఉషారాణి గారు చెప్పినప్పుడు విన్న సంగతులే. కానీ నా నోటితో నేనే అంటుంటే, ఆ చిన్న గదిలో, ఆ చిన్న కుర్చీలో అన్నేళ్లు నేనే కూర్చున్నట్టు వీపు నొప్పి పుట్టింది. ఎంత మొండిది ఇది, ఎంత ఒంటరిగా మోసింది అనిపించింది. కుర్రాళ్ల నవ్వు ఎప్పుడు ఆగిందో నేను గమనించలేదు.

చెల్లెలు పెద్దల వైపు తిరిగింది. "పెద్దలు అబద్ధమా, నిజమా అని అడిగినారు. నేను రాసింది అబద్ధమైతే, ఈ మాటలు ఇప్పుడు మా అన్న ఎందుకు చెప్తా ఉండాడు?"

నేను నోరు తెరిచి, అలాగే ఉండిపోయాను. తర్వాత చెప్పాను.

"నేను రాసింది అబద్ధమైతే, ఈ మాటలు ఇప్పుడు మా అన్న ఎందుకు చెప్తా ఉండాడు?"

పెద్దల్లో ఒక ముసలాయన నన్ను చూశాడు, మోకును చూశాడు, చెంచులక్ష్మిని చూశాడు, మళ్లీ నన్ను చూశాడు. ఆ తర్వాత అందరి కళ్లూ నా నోటి మీదికి వచ్చాయి. ఇంకొక మాట రావాలి కదా. చిన్నాయన చూపులో దాదాపు బతిమాలడమే ఉంది. మోకు అవతల రోజారమణి దగ్గింది. ఆ దగ్గు ఎందుకో నాకు తెలుసు. ఆ మాట నా ప్రమేయం లేకుండానే నాలుక చివరికి వచ్చి నిలబడింది.

నేను నోరు మూసుకున్నాను.

"అంతేనా?" అన్నాడు చిన్నాయన.

"అంతే" అన్నాను.

పెద్దల్లో గుసగుసలు మొదలయ్యాయి. చిన్నాయన వాళ్ల వైపు తిరగలేదు. భుజం మీద తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు, మళ్లీ తుడుచుకున్నాడు. విసుగో, దుఃఖమో, నన్ను దాటి మోకు మీదుగా సూటిగా ఆమె వైపే చూసి అనేశాడు.

"అయితే నన్నేం చెయ్యమంటావు చెంచులక్ష్మీ?"

పెద్దకాపు ఒక ఆడమనిషిని, పందిరి కింద, పేరు పెట్టి అడగడం మా పాళెంలో అదే మొదలు. అన్నాక గానీ ఆయనకే తెలిసిరాలేదు. అడిగినదాన్ని వెనక్కి తీసుకోవడం పెద్దకాపుకు మర్యాద కాదు. ఆయన తువ్వాలు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

చెల్లెలు నా వైపు చూడలేదు. "నన్ను గాదు చిన్నాయనా" అంది. అది ఆమె గొంతే, నాది కాదు. చిన్నప్పటి మా పాళెం యాస మొత్తం అందులోకి తిరిగొచ్చింది. "ఆ పొద్దు మాట మాయమ్మది. నేను రాసింది ఆమె సంగతి. ఈ దురాయి ఉంచాల్నో తియ్యాల్నో ఆమెను అడుగు."

ఆయన ఉన్నచోటు నుంచి కదలడానికి చాలాసేపు పట్టింది. తర్వాత నడిచి మోకు దగ్గరికి వచ్చాడు. నేను పక్కకు తప్పుకున్నాను. నాకు అక్కడ పని లేదు.

"వదినా" అన్నాడు. "నీ మాటకు నేను అతుకు ఏసినానని పిల్ల రాసింది. ఏసినాను. నిన్ను అడక్కుండా ఏసినాను. ఇప్పుడు అడగతా ఉండా. ఈ దురాయి ఉంచమంటావా, తియ్యమంటావా? నువ్వు ఏం చెప్తే అది. మధ్యలో ఎవురూ లేరు."

హమ్మయ్య అనుకున్నాను. ఉన్న దురాయి మా ఇంటి మీదే, ఆ ఇల్లు మా అమ్మదే, ఆమె ఏమంటుందో ఇసుకలో పీతకు కూడా తెలుసు. అప్పుడే కొందరు పంచెలు దులుపుకుని లేస్తున్నారు. పడవ తొయ్యడానికి ఎవరెవరిని పిలవాలా అని నేనూ లెక్కలు వేసుకోవడం మొదలుపెట్టాను.

మా అమ్మ చాప మీంచి చెయ్యెత్తింది.

"యాడికి పోతా ఉండారు? కూసోండి" అంది. గొంతు సన్నగా ఉన్నా చివరి వరస దాకా వినపడింది. "ఈ పందిట్లో నన్నెవురూ ఎప్పుడూ ఏందీ అడగలా. ఇప్పుడు అడిగినారు గదా. ఆలోచించుకోనీండి."

లేచినవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మొదట చిన్నాయన కూర్చున్నాడు, మోకు ముందర, ఇసుకలో. ఆయన్ను చూసి పెద్దలు కూర్చున్నారు. కుర్రాళ్లు కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను. చెంచులక్ష్మి మోకును రెండు చేతులా పట్టుకుని అమ్మనే చూస్తోంది. ఏడుస్తోంది, తుడుచుకోవడం లేదు.

మా అమ్మ చీర కొంగు సర్దుకుని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, సముద్రం వైపు తిరిగింది. తొందరేమీ పడలేదు. ఊరంతా కూర్చుని, ఆమె ఏమంటుందోనని ఎదురుచూస్తోంది.